గొర్రెకు మైల లేదు

మా అత్త ఓబులమ్మ ఇవాళ బతికి ఉందంటే అందులో సగం పుణ్యం గిద్దలూరు డాక్టరమ్మది, మిగతా సగం మా బొల్లి గొర్రెది. నాకు అందులో వాటా లేదు. నాకు రావాల్సిన వాటా వేరే ఉంది, దాని సంగతి చివర్లో ఒప్పుకుంటాను.

నా పేరు శివపార్వతి. మా ఊరు గిద్దలూరుకు పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో, అడవి మొదలయ్యే చోట ఉంటుంది. ఇంట్లో నలుగురం: అత్త, మామ కాశయ్య, నా మొగుడు నాగరాజు, నేను. డెబ్బై గొర్రెలు. నేను ఊరికి పశుసఖిని కూడా. మార్కాపురంలో శిక్షణ ఇచ్చి, ఒక నీలం సంచి చేతికిచ్చి పంపారు. ఎవరి గొర్రెలకు నట్టల మందు పట్టాలన్నా, ఎవరి మేకకు జ్వరం చూడాలన్నా ఆ సంచి భుజాన వేసుకుని వెళ్లేది నేనే. పొద్దున్నే ఆ సంచి దుమ్ము దులిపి, సర్ది, గుమ్మం పక్క కొక్కేనికి తగిలించి పెట్టేది మా అత్త. మందుల గురించి నాకు తెలిసినంత ఊళ్లో ఎవరికీ తెలియదని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసులో దాచుకున్నదీ లేదు, అందరికీ చెబుతూనే వచ్చాను.

అత్తకు ఏళ్ల తరబడి మోకాళ్ల నొప్పులు. రెండేళ్ల కిందట సంతలో ఒక మూలికలాయన దగ్గర పొడి కొనుక్కొచ్చింది. నల్లమల వేర్లు దంచి చేసిందట. శొంఠి, వాము వాసన. రోజూ పొద్దున ఒక పొట్లం మజ్జిగలో కలుపుకుని తాగాలి. వంకాయ తినకూడదు, ఎండుచేప తినకూడదు, మైల ఉన్నన్నాళ్లూ మందు తాగకూడదు. తాగితే గుణం పోతుందట. ఇన్ని పథ్యాలు చెప్పాడు కాబట్టి అసలైన నాటుమందేనని అత్తకు గురి కుదిరింది. గోడ పట్టుకుని గానీ లేవలేని మనిషి మూడో రోజుకల్లా గొర్రెల వెనక గుట్ట ఎక్కేసింది.

నాకు ఒళ్లు మండింది. పేరు లేని మందు గొర్రెకు కూడా పట్టొద్దని మాకు శిక్షణలో చెప్పారు. వాకిట్లో పదిమంది చూస్తుండగా ఆ పొట్లాలన్నీ తీసుకెళ్లి పెంటదిబ్బ మీద పోశాను. "గొర్రెలకుండే తెలివి నీకు లేదు అత్తా" అని కూడా అన్నాను. ఇంకా చాలా అన్నాను. అత్త తలెత్తలేదు.

"ఇంగ తాగనులేమ్మా" అంది.

ఆ మాట పట్టుకుని, మా అత్త చేత నాటుమందు మాన్పించానని ఊరంతా చెప్పుకున్నాను.

ఆ తర్వాత అత్త ఒళ్లు చేసింది. ముఖం గుండ్రంగా నిండింది, బుగ్గలు ఎర్రబడ్డాయి. "కోడలు బాగా సాకుతుండాదే" అని జనం అంటే ఆ మెప్పు కూడా నేనే తీసుకున్నాను. ముఖం అంత నిండుతుంటే చేతులూ కాళ్లూ ఎందుకు సన్నబడుతున్నాయో, గడప తగిలినా చర్మం ఎందుకు కమిలిపోతోందో నేను ఆలోచించలేదు. అదే గొర్రెకు జరిగి ఉంటే ఆలోచించేదాన్నే.

మొన్న చలికాలంలో మా మామకు పెద్దనాయన కొడుకు చనిపోయాడు. పాలోళ్లం, ఒకే ఇంటిపేరు వాళ్లం కాబట్టి మాకూ పదకొండు రోజుల మైల. దేవుడికి దీపం లేదు, తలకు నూనె లేదు, ఇంట్లో మాంసం లేదు. మూడో రోజుకు అత్త నీరసంగా ఉందంది. సావు ఇంట్లో పనులు చేసి అలిసిపోయిందనుకున్నాం. అయిదో రోజుకు అన్నం సహించడం లేదంది. "మరిది పోయినాడన్న దిగులు" అంది పక్కింటి సుబ్బులమ్మ. మోకాళ్ల నొప్పులు మళ్లీ వచ్చాయని మూలిగితే చలికాలం కదా అని నేను సరిపెట్టాను.

నా ధ్యాస అప్పుడు అత్త మీద లేదు, బొల్లి గొర్రె మీద ఉంది. ముఖాన తెల్ల మచ్చ ఉన్న గొర్రె అది, మా మందలోకెల్లా మంచిది. నిండు చూడితో ఉంది. నాలుగో రోజున ముందు కాలు కుంటుతూ వచ్చింది. గిట్టల మధ్య ముల్లుందేమోనని చూస్తే లేదు, కీలు వాచింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే ఎల్లుండి వస్తానన్నాడు. ఆయన వచ్చేలోగానే కుంటు పోయింది. మరుసటి రోజు సగం తగ్గింది, ఆ తర్వాతి రోజుకు చెంగుచెంగున నడిచింది. దాని తవుడు తొట్టి కడుగుతుంటే అడుగున ఒక పేపరు ముక్క దొరికింది. శొంఠి వాసన వచ్చింది. తవుడు అంగడిలో దేని పక్కన పెట్టారో ఏమోనని ఆ ముక్కను అవతల పారేశాను.

ఏడో రోజు పొద్దున బొల్లి గొర్రె ఈనింది. పొట్టేలును మందలో వదిలిన తేదీ నా పుస్తకంలో రాసి ఉంది. ఇంకా పన్నెండు రోజులు ఆగాల్సిన గొర్రె. పిల్ల గుప్పెడంత ఉంది, ఊపిరి మాత్రం బాగానే తీస్తోంది. గొర్రెను ఏ కంచె దూకించాడోనని మా మామను నిలబెట్టి కడిగేశాను. మామ మాట్లాడే మనిషి కాదు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకుని వెళ్లిపోయాడు. అత్త మంచంలోనే ఉండి ఇదంతా వింది. ఏదో చెప్పబోయినట్టు లేచి, మళ్లీ అటు తిరిగి పడుకుంది. ఎనిమిదో రోజంతా వాంతులు. తొమ్మిదో రోజు పొద్దున మంచం దిగబోయి నేల మీద పడింది. పిలిస్తే కళ్లు తెరుస్తోంది గానీ మాట రావడం లేదు. ఒళ్లు చల్లగా, చెమటగా ఉంది.

ఆటోలో వేసుకుని గిద్దలూరు బయల్దేరాం. అలవాటు కొద్దీ నీలం సంచి భుజాన వేసుకునే ఎక్కాను. ఊళ్లోకి వచ్చేసరికి రైల్వే గేటు పడింది. గూడ్సు బండి. దానికి ఎన్ని పెట్టెలుంటాయో, ఒక్కొక్కటే ఎంత తీరిగ్గా పోతుందో నాకు ఆ రోజు తెలిసింది. నా మొగుడు వాళ్లమ్మ చేయి పట్టుకుని "అమ్మా, అమ్మా" అంటూనే ఉన్నాడు. ఆమె నన్ను పదిహేనేళ్లుగా సాకిన మనిషి. నేను సాకానని ఊరు అంటుంది గానీ, నిజం అది కాదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. పేరు ఫెబీ. వాళ్లది రాచర్ల వైపు పల్లె, అమ్మానాయనలు కూలి చేసే చదివించారట. వచ్చీ రాగానే బీపీ చూసింది, వేలికి సూది గుచ్చి షుగర్ చూసింది, రక్తం తీయించింది.

"బీపీ డెబ్బై కూడా లేదు. షుగర్ పడిపోయింది. ఒంట్లో ఉప్పు తక్కువగా ఉండాది" అంటూ గ్లూకోజు, సెలైను పెట్టించింది. ఒక సీసా అయిపోయింది. రెండోది సగమైంది. బీపీ లేవలేదు.

"అవ్వ ఏం మందులు వాడుతాదక్కా?"

"ఏం లేదు మేడం. మాత్ర అంటేనే బయం ఆమెకు."

"నాటుమందు?"

"అప్పుడెప్పుడో తాగింది మేడం. నేను మాన్పించినాను" అన్నాను. ఆ సమయంలో కూడా ఆ మాట కాస్త గొప్పగానే అన్నాను.

ఫెబీ మేడం అత్త గుండ్రటి ముఖాన్ని చూసింది. మెడ వెనక చేయి పెట్టి చూసింది, అక్కడ కొవ్వు ఎత్తుగా పేరుకుని ఉంది. ముంజేతుల మీద కమిలిన మచ్చలు చూసింది. మళ్లీ నా వైపు తిరిగింది.

"బాగా గుర్తు చేసుకో. పొడి గానీ, మాత్ర గానీ, సూది గానీ. ఈ మధ్యనే ఆపింది ఏదన్నా ఉండాదా?"

"లేదు మేడం. ఇంట్లో నాకు తెలియకుండా ఏం జరగదు."

ఆమె నిట్టూర్చింది. "అయితే లోపల ఇంకేదో ఉండాది. పెద్ద ఇన్‌ఫెక్షన్ కావచ్చు, గుండె కావచ్చు. అదేందో తేల్చడానికి ఇక్కడ సౌకర్యం లేదు. కర్నూలు పంపిస్తాను, అంబులెన్స్ చెప్తాండా."

కర్నూలంటే మూడు గంటల పైమాటే. ఈ బీపీతో మూడు గంటలు. ఆ మాట ఆమె పైకి అనలేదు, నాకు మాత్రం వినిపించింది. నాగరాజు వరండాలో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. మామ తలపాగా విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, మళ్లీ చుట్టుకోలేదు.

ఫెబీ మేడం ఫోన్ తీస్తూ నర్సుతో అంది: "చూస్తే అచ్చం స్టిరాయిడ్ మాదిరే ఉండాది. నొప్పుల పొడుల్లో డెక్సా కలిపి అమ్ముతారు గదా, రోజూ తాగి టక్కున ఆపితే ఇట్లనే పడిపోతారు. వీళ్లేమో లేదంటాండారు."

డెక్సా. ఆ పేరు నాకు తెలుసు. మా పశువుల డాక్టరు పెట్టెలో ఉంటుంది. సీసా చూపించి మరీ చెప్పాడు ఒకసారి: "వాపుకు, నొప్పికి మహా బాగా పనిచేస్తాది పార్వతమ్మా, కానీ నిండు చూడి గొర్రెకు మాత్రం ఎయ్యకూడదు. నెలలు నిండకముందే ఈనేస్తాది."

కీలు వాచిన గొర్రె. రెండు రోజుల్లో పోయిన కుంటు. పన్నెండు రోజుల ముందు కాన్పు. తొట్టిలో పేపరు ముక్క, శొంఠి వాసన.

"మేడం!" అని ఎంత గట్టిగా అరిచానంటే నర్సు చేతిలో ట్రే కింద పడింది. "మేడం, మా గొర్రె ముందే ఈనింది!"

డాక్టరమ్మ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. దిగులుకు మతి చలించిందనుకుందట, తర్వాత చెప్పింది. నేను ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. కాలు, తవుడు, పేపరు, తేదీ, పశువుల డాక్టరు మాట. సగం వినేసరికే ఆమె ఫోన్ జేబులో పెట్టేసింది.

"మీ ఇంట్లో మైల ఏమన్నా ఉండాదా?"

"తొమ్మిదో రోజు మేడం."

"మైలలో నాటుమందు తాగరు గదా మీరు, అందుకే టక్కున ఆగింది. మా ఊర్లో కూడా చూసినా." అప్పటికే ఆమె నర్సు వైపు తిరిగింది. "సిస్టర్, హైడ్రోకార్టిజోన్. వంద. నరానికి. ఇప్పుడే."

సూది వేశారు. ఆ తర్వాత గంటన్నర నేను మంచం పక్కన నిలబడే ఉన్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు. బీపీ మిషను పావుగంటకొకసారి బుస్సుమంటుంది, అంకె చూపిస్తుంది. డెబ్బై ఆరు. ఎనభై నాలుగు. తొంభై. నూట రెండు అన్నప్పుడు ఫెబీ మేడం నా భుజం తట్టి, కర్నూలు అక్కర్లేదంది. నేను వరండాలోకి వెళ్లి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుస్తూనే నవ్వొచ్చింది. నాగరాజు భయపడి నీళ్లు తెచ్చాడు.

సాయంత్రం ఆమె మా ముగ్గురినీ కూర్చోబెట్టి విడమరచి చెప్పింది. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయట. రోజూ మనం నిద్ర లేవకముందే అవి స్టిరాయిడ్ హార్మోను తయారుచేసి రక్తంలోకి వదులుతాయట. బీపీ నిలబడేది, షుగర్ పడిపోకుండా ఉండేది, జ్వరమొచ్చినా దెబ్బ తగిలినా ఒళ్లు తట్టుకునేది దాని బలంతోనే. డెక్సా కూడా ఆ జాతిదే, దానికంటే చాలా గట్టిది. వాపును అణచేస్తుంది కాబట్టి నొప్పి ఇట్టే పోతుంది. ఊరికే ఉండదు గదా, కండ కరిగిస్తుంది, ఎముక గుల్ల చేస్తుంది, చర్మం పలచన చేస్తుంది, ముఖం ఉబ్బిస్తుంది.

"మరి ఆపితే మంచిదే గదా మేడం?" అన్నాడు నాగరాజు.

"అక్కడే ఉండాది చిక్కు. కోడలు వచ్చి వంటంతా తనే చేస్తాంటే అత్త ఏం చేస్తాది? కూచుంటాది. రెండేండ్లు కూచున్నాక కోడలు చెప్పాపెట్టకుండా పుట్టింటికి పోతే? అత్త ఆ పొద్దే లేచి పొయ్యి వెలిగించలేదు. అవ్వ గ్రంథులు కూడా అంతే, పనే మర్చిపోయినాయి. నిదానంగా లేపాల. ఇందాక సూదిలో ఎక్కించిన ఆ హార్మోనే మాత్రగా ఇస్తాను, నెలల మీద కొంచెం కొంచెం తగ్గిస్తా వస్తాం. అంతవరకూ ఒక్క పూట కూడా ఆపకూడదు. జ్వరమొస్తే రెండింతలు ఎయ్యాల. వాంతులైతే పరిగెత్తుకొని రావాల."

కోడలి మాటకు మా మామ నా వైపు చూసి మీసాల చాటున నవ్వాడు. ఆయన నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో.

పోయేముందు డాక్టరమ్మ గొర్రెపిల్ల ఎలా ఉందని అడిగింది. బతికే ఉంది, పాలు తాగుతోందన్నాను. "నెల తక్కువ కాన్పయ్యేటట్లుంటే మనుషులకూ ఆ జాతి సూదే ఏస్తాం. కడుపులో బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా ముదురుతాయి" అంది. ఆ పిల్లను ముందుగా లాక్కొచ్చిందీ, దాని ఊపిరి నిలబెట్టిందీ ఒక్క మందేనన్నమాట. ఆ మందును తిట్టాలో మొక్కాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున అత్త లేచి కూర్చుంది. నర్సు మాత్ర ఇస్తే నోరు బిగించింది.

"పదో రోజు. ఇంకా మైల తీరలేదు గదమ్మా" అంది నర్సుతో, ఎంతో మర్యాదగా.

నేను నోరు తెరవబోయాను. అంతలో మూల నుంచి మామ గొంతు వినిపించింది.

"గొర్రెకు మైల లేదని దానికి పోసినావు గదా. గొర్రెకు పట్టని మైల నీకెందుకే? మింగు."

అత్త ఉలిక్కిపడి ఆయన్ను చూసింది, తర్వాత నన్ను చూసింది. గుటుక్కున మింగేసింది.

"నిజమేనా అత్తా?" అన్నాను.

"మూడు పూటలు పోసినానమ్మా" అంది మెల్లగా. "నేను తాగేదానికి లేదు గదా మైలలో. గొర్రెకు మైలేముంది? మూగజీవం, కాలు ఈడ్సతాంటే చూడలేకపోయినా. అది ముందే ఈనితే నావల్లే అయిందని బయమేసింది. మామను నువ్వు తిడతాంటే చెప్పాలని లేచినా. మళ్లీ చెప్పలేకపోయినా."

"నువ్వు తాగతాన్నావని మాకు ఒక్క మాట చెప్పకూడదా? నిన్న నువ్వు పోయుంటే?"

ఆమె చేతిలోని మాత్రల డబ్బాను అటూ ఇటూ తిప్పింది. నా ముఖం చూడలేదు.

"నువ్వు తిడతావని" అంది.

అంతే అంది. అందులో నిష్ఠూరం కూడా లేదు. ఎండ కాస్తుందని గొడుగు తీసుకెళ్లినట్టు, నేను తిడతానని ఆమె దాచుకుంది. పెంటదిబ్బ మీద నేను పోసింది పొడిని ఒక్కదాన్నే కాదు. వాకిట్లో పదిమంది ముందు తల వంచుకుని నిలబడ్డ మనిషి, ఆ తర్వాత నాకు నిజం చెప్పే ధైర్యం ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది? "ఇంట్లో నాకు తెలియకుండా ఏం జరగదు" అని డాక్టరమ్మతో అన్న మాట గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

నేను మంచం మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. "అత్తా, ఇంటి దగ్గర ఆ పొడి ఇంకా ఉంటే చెప్పు. డాక్టరమ్మ చూడాలంది. ఏడ దాచినా సరే. నిన్ను ఏమీ అనను. ఒట్టు."

అత్త దుప్పటి అంచు మడిచింది, విప్పింది.

"ఇంటికాడ లేదు" అంది చివరికి.

"మరి ఏడుంది?"

ఆమె కళ్లు నా భుజం మీదికి వచ్చాయి.

నేను సంచి దింపాను. అడుగున ఒక అర ఉంటుంది, జిప్పు పోయింది కాబట్టి అందులో పాత పుస్తకాలు కుక్కి వదిలేశాను. ఆ పుస్తకాల వెనక చేయి పెడితే దారంతో కట్టిన పొట్లాల కట్ట తగిలింది. శొంఠి వాసన గుప్పుమంది.

"నువ్వు అందరి మూటలూ ఎతుకుతావు" అంది అత్త. "నీ సంచి నువ్వు ఎతకవు గదా. సంతలో మళ్లీ కొని అందులోనే పెట్టి, పొద్దున్నే సర్దేటప్పుడు ఒకటి తీసుకునేదాన్ని."

రెండేళ్లు. గొర్రెకు పేరు లేని మందు పట్టొద్దని ఊరంతా తిరిగి చెప్పిన రెండేళ్లూ ఆ మందును మోసింది నా భుజమే. నిన్న డాక్టరమ్మ "బాగా గుర్తు చేసుకో" అని అడుగుతున్నప్పుడు కూడా అది నా పక్కటెముకలకు ఆనుకునే ఉంది. ఇదీ నా వాటా.

కోపం గొంతు దాకా వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. అత్త కళ్లు గట్టిగా మూసుకుంది. భుజాలు కూడా దగ్గరికి ముడుచుకుంది. తిట్లు పడబోతున్నాయని కాచుకున్న మనిషిని అంత దగ్గరినుంచి నేనెప్పుడూ చూడలేదు. ఎన్నిసార్లు అలా కాచుకుందో.

కట్టను నర్సు చేతికిచ్చి వచ్చాను. అత్త కళ్లు ఇంకా తెరవలేదు.

"మజ్జిగ తాగుతావా అత్తా?" అన్నాను.

ఒక కన్ను తెరిచి చూసింది. నమ్మకం కుదిరాక రెండోది కూడా తెరిచింది.

"ఉప్పేసి తేమ్మా" అంది.